బురదనేల, గాలిచక్రము



వానకాలమున రేగడిచేలలో బండి తోలినవారికి నేను చెప్పబోవు సంగతి సగము తెలిసినదే. ఇనుపపట్టా బిగించిన కఱ్ఱచక్రము తడిసిన రేగడిని కత్తివలె కోసికొని దిగును. ఇరుసుదాక దిగబడిన బండిని పైకిలాగలేక ఎడ్లు మోకరిల్లుటను నేను బాల్యమున పలుమాఱులు చూచితిని. తరువాత మా ఊరికి రబ్బరుటైర్ల బండ్లు వచ్చినవి. అవే ఎడ్లు, అదే బరువు, అదే డొంక. అయినను ఆ చక్రము నేలను కోయలేదు. పైపైన తొక్కుకొని పోయెను. బండిని మార్చక, చక్రము నేలను తాకు తీరును మాత్రము మార్చినంతనే ఇంత భేదము కలిగినది.

ఈ భేదమే భూగోళమున మఱియొక కొనయందు, విమానముల విషయమున, మనుష్యుల ప్రాణములతో ముడివడి నడచినది. విమానము నున్నని రాతిబాటపై వాలుట మనము చూచినదే. అట్టి బాట లేని దేశమున, ఏటి గులకఱాళ్లపైనను, గడ్డిదుబ్బుల బురదపైనను చిన్న విమానములు ఎట్లు వాలుచున్నవో, అందులకై వాటికి పెద్ద టైర్లు ఎట్లు వచ్చినవో నేడు మనవి చేయుదును. ఆ దేశమును నేను కన్నులార చూచినవాడను కాను. చదివి తెలిసికొన్నంతయే చెప్పుచున్నాను.

ఆ దేశము అలాస్కా. ఉత్తర అమెరికాకు వాయవ్యమున నున్నది. రష్యా చక్రవర్తి దానిని 1867లో 72 లక్షల డాలర్లకు అమెరికా సంయుక్తరాష్ట్రములకు అమ్మెను. 1959లో అది ఆ దేశమున ఒక రాష్ట్రమైనది. దాని వైశాల్యము సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా మన భారతదేశములో సగమునకు మించినది. జనసంఖ్య యెనిమిది లక్షలకు లోపు. అచటి జనావాసములలో అయిదింట నాలుగింటికి నేటికిని రహదారి లేదు. ఉప్పు కావలెనన్నను, ఉత్తరము రావలెనన్నను, రోగిని వైద్యునికడకు చేర్చవలెనన్నను పడవయో, మంచుబండియో, విమానమో కావలెను.

ఉత్తరభాగమున నేల స్వభావము విచిత్రమైనది. దానిని టండ్రా అందురు. అడుగున నేల సంవత్సరము పొడుగునను గడ్డకట్టి రాయివలె నుండును. వేసవిలో పైపొర కొంచెము మాత్రము కరగును. కరగిన నీరు క్రిందికి ఇంకదు. కావున ఆ పొర నానిన పరుపువలె మెత్తబడును. దానిపై గడ్డి దుబ్బులు దుబ్బులుగా లేచియుండును. శీతకాలమున విమానమునకు చక్రములు తీసి జాఱుడుపలకలు కట్టుదురు, మంచుపై జాఱిపోవును. వేసవిలో పడవలవంటి తేలుడుతొట్లు కట్టి సరస్సులలో దిగుదురు. మంచు కరగి, నీరు చాలని చోటులలో చక్రమే శరణ్యము. ఆ చక్రమునకే నేల వైరి.

అలాస్కా విమానచరిత్రలో తొలి పుటలలోనే ఒక ఉపాధ్యాయుడు కానవచ్చును. బడిపంతులుగా పనిచేసినవాడను గావున నాకు అతనిపై పక్షపాతము కలదని ముందే ఒప్పుకొందును. అతని పేరు కార్ల్ బెన్ ఐల్సన్. ఉత్తర డకోటా వాడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సైన్యమున విమానము నడపుట నేర్చెను. 1922లో ఫెయిర్‌బ్యాంక్స్ పట్టణపు ఉన్నతపాఠశాలలో పాఠములు చెప్పుటకు వచ్చెను. వచ్చిన మఱుసటి యేడు, అనగా 1923లో, ఊరివారిని ఒప్పించి, జెన్నీ అను పాత సైనికవిమానమును తెప్పించి యెగిరెను. 1924 ఫిబ్రవరి 21వ తేదీన ఫెయిర్‌బ్యాంక్స్ నుండి మెక్‌గ్రాత్ అను ఊరికి తపాలా మోసికొనిపోయెను. కుక్కలు లాగు మంచుబండిపై ఆ తపాలాకు ఇంచుమించు మూడు వారములు పట్టెడిది. అతడు మూడు గంటలలోపుననే చేర్చెను. నాడు అతని విమానమునకు చక్రములు లేవు, జాఱుడుపలకలు కలవు. 1928లో విల్కిన్స్ అను అన్వేషకునితో కూడి పాయింట్ బారో నుండి స్పిట్స్‌బర్గెన్ వఱకు ఉత్తరసముద్రము మీదుగా ఎగిరెను. 1929 నవంబరులో, సైబీరియా తీరమున మంచులో చిక్కిన ఓడలోనివారిని, సరకును తెచ్చుటకై పోయి, విమానము కూలి మరణించెను.

జెన్నీ విమానపు చక్రములను మనము ఒక్కమాఱు పరికింపవలెను. వాటి యెత్తు సుమారు 26 అంగుళములు. వెడల్పు 4 అంగుళములు మాత్రమే. సైకిలు చక్రమువలె ఆకులు గలిగి, సన్నని టైరు గలిగి యుండెడివి. గట్టినేలపై అవి చక్కగా పరుగెత్తును. మెత్తనినేలపై మన కఱ్ఱచక్రమునకు పట్టిన గతియే వాటికిని పట్టును. బండి దిగబడిన ఎద్దులు మాత్రమే అలయును. విమానము పరుగుమీద నుండగా చక్రము దిగబడెనా, తోక లేచి, ముక్కు నేలకు గ్రుచ్చుకొని, విమానమే తలక్రిందులగును.

కర్ణుని రథచక్రమును భూమి పట్టిన కథ మనకు ఎఱుకయే. రథికుడు శూరుడు, రథము దృఢమైనది. అయినను చక్రము క్రుంగగానే శౌర్యము నిరర్థకమయ్యెను. అలాస్కాలో మెర్ల్ స్మిత్ అను వైమానికుడు ఒక గనివద్ద చిన్న బురదబయలు నుండి లేవబోయి గుంటలో చక్రము దిగబడి చిక్కెను. బాబ్ రీవ్ అను తోటివైమానికుడు దానిని పరిహాసము చేసి, అతనికి ‘మడ్‌హోల్’, అనగా ‘బురదగుంట’ అని పేరిడెను. స్మిత్ కోపగింపలేదు. ఆ పేరు జీవితాంతము నిలిచెను. తరువాత అతడు కార్డోవా విమానసంస్థకు అధ్యక్షుడయ్యెను. నేడు కార్డోవా పట్టణపు విమానాశ్రయము పేరులోను ‘మడ్‌హోల్ స్మిత్’ అనియే కలదు. ఒక విమానాశ్రయపు పేరులో బురదగుంట నిలిచియుండుట ఆ దేశపు నేల యెట్టిదో చెప్పక చెప్పుచున్నది.

పరిహాసము చేసిన రీవ్ సైతము బురదతోనే కాపురము చేసినవాడు. 1930 దశకమున అతడు వాల్డెజ్ పట్టణము నుండి పర్వతములపై నున్న హిమానీనదములకు గనిపనివారిని, సరకులను చేర్చుచుండెను. పైన మంచుపై దిగుటకు జాఱుడుపలకలు కావలెను. క్రింద ఊరిలో వేసవిలో మంచు లేదు. అతడు చేసిన యుపాయము వినదగినది. సముద్రపు పోటు తగ్గినపుడు తీరమున మెత్తని బురదమేటలు బయటపడును. రీవ్ తన జాఱుడుపలకల అడుగున తుప్పుపట్టని ఉక్కురేకు బిగించెను. ఆ రేకు ఒక పాడుబడిన పానశాలబల్ల నుండి ఊడదీసినదని చెప్పుదురు. ఆ పలకలతో బురదపైననే పరుగెత్తి పైకెగిరి, మరల బురదపైననే దిగుచుండెను. చక్రమును మ్రింగు బురద వెడల్పైన పలకను మ్రింగలేకపోయెను. అయినను ఆ యుపాయమునకును మేర కలదు. 1937లో బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్, రాబర్ట్ బేట్స్ అను పర్వతారోహకులను వాల్ష్ హిమానీనదముపై దింపినపుడు, ఎండకు మెత్తబడి నీరైన మంచులో విమానము క్రుంగిపోయెను. దానిని మరల గాలిలోనికి లేపుటకు కొన్ని దినములు పట్టెను. రీవ్ తిరిగి రాజాలడని యెఱిగి, ఆ యిరువురు లూకేనియా శిఖరము నెక్కి, నూఱుమైళ్లకు పైగా కాలినడకను బయటపడిరి.

ఈ కథలన్నింటి అడుగున ఒకే లెక్క కలదు. అది మన బడిలో అయిదవ తరగతి పిల్లవాడు చేయగల భాగహారము. టైరు నేలపై చప్పిడియై ఆనునపుడు ఆ ఆనిక యెంత వెడల్పు? మోయు బరువును టైరులోని గాలియొత్తిడిచేత భాగింపగా సుమారుగా వచ్చును. పైపర్ సూపర్ కబ్ అను చిన్న విమానమును తీసికొందము. దాని నిండుబరువు 1,750 పౌనులు, అనగా సుమారు 800 కిలోలు. తోకచక్రము భాగము కొంత తీసివేయగా, ముందరి చక్రమొక్కొక్కటి 800 పౌనులు మోయుననుకొందము. చదరపు అంగుళమునకు 20 పౌనుల చొప్పున గాలి కొట్టినచో ఆనిక 40 చదరపు అంగుళములు. గాలిని 8 పౌనులకు తగ్గించినచో ఆనిక 100 చదరపు అంగుళములు. బరువు మాఱలేదు, నేలపై దాని యొత్తిడి సగముకన్నను తగ్గినది. వరిమడిలో పలకపై నిలిచినవాడు దిగబడక, కాలిమడమపై నిలిచినవాడు దిగబడుటకు కారణమిదియే.

మఱి టైరు పెద్దది కానేల? ఉన్న చిన్న టైరులోనే గాలి తగ్గింపరాదా? తగ్గింపవచ్చును, కాని అది పూర్తిగా అణగి, లోపలి ఇనుపచట్రము నేలకు తగులును. తక్కువ గాలితో ఎక్కువ బరువు మోయవలెనన్నచో టైరు లావుగా, లోతుగా ఉండవలెను. కాబట్టి పెద్ద పొట్ట మెత్తని గాలికొఱకే గాని, పొట్ట దానంతట అది గుణము కాదు.

ఈ తత్త్వమును విమానములకు తొలుత చక్కగా అమర్చినవాడు ఆల్విన్ మసెల్మన్ అను అమెరికను యంత్రశిల్పి. ఆకులు, పెద్ద చట్రము తీసివేసి, చిన్న కుంభిపైననే లావైన మెత్తని టైరును తొడిగెను. గుడ్‌ఇయర్ సంస్థ 1929 ప్రాంతమున దానిని ‘ఎయిర్‌వీల్’ అను పేర విక్రయించెను. చూచుటకు గారెవలె నుండును. పైపర్ కబ్ వంటి తేలిక విమానములకు గడ్డిబయళ్లపై దిగుటకు ఇట్టి టైర్లు ఎంతయో మేలు చేసినవి.

గాలినింపిన మెత్తని సంచి బరువు మోయుననుట అలాస్కా తీరవాసులకు క్రొత్తసంగతి కాదు. విలియమ్ ఆల్బీ అను మఱియొక ఉపాధ్యాయుడు 1930 దశకమున పశ్చిమతీరమున వేల్స్ అను గ్రామములో, ఎస్కిమో జాతివారి బిడ్డలకు చదువు చెప్పుచుండెను. బరువైన పడవను ఒడ్డునకు చేర్చునపుడు ఆ జనులు గాలి యూదిన సీలుచర్మపు సంచులను దానిక్రింద నుంచి దొర్లించుట అతడు చూచెను. సంచి నేలకు తగినట్లు వంగును; రాయి తగిలినచో దానిని పొదుగుకొని పోవును. ఆ దృశ్యము అతని మనస్సున నాటెను. తరువాత 1950 దశకారంభమున, అట్టి లావుపాటి గాలిసంచులే చక్రములుగా గల ‘రోలిగన్’ అను వాహనమును నిర్మించెను. అది విమానము కాదు, అయినను తత్త్వమొక్కటే. పాఠము చెప్ప వచ్చిన పంతులు, పాఠము నేర్చికొనిపోయెను. ఏ దేశపు నేలకు ఏ చక్రము తగునో ఆ నేలపై తరతరములుగా నడచినవారికే ముందు తెలియునని నా యభిప్రాయము.

పెద్దదనము వేఱు, మెత్తదనము వేఱు అనుటకు ఎదురుదృష్టాంత మొకటి చెప్పెదను. 1946 ఆగస్టు 8వ తేదీన అమెరికావారి ఎక్స్‌బీ-36 అను బ్రహ్మాండమైన యుద్ధవిమానము తొలుత ఎగిరెను. దానికి ఇరుప్రక్కల ఒక్కొక్క పెద్ద చక్రము. ఒక్కొక్క టైరు యెత్తు 110 అంగుళములు, అనగా తొమ్మిదడుగులకు మించినది. అంత పెద్ద చక్రమైనను దానిపై బరువు మఱింత పెద్దది. ఆ భారమును తాళుటకు రాతిబాట 22 అంగుళముల మందముండవలసివచ్చెను. అట్టి విమానస్థలములు నాడు ఆ దేశమంతటను మూడు మాత్రమే. తుదకు ఒక్క చక్రమునకు బదులు నాలుగేసి చిన్న చక్రములను అమర్చి ఆ చిక్కు తీర్చుకొనిరి. తొమ్మిదడుగుల టైరు రాతిబాటను పగులగొట్టగా, రెండడుగుల టైరు బురదను నొప్పింపకపోవుట విన్నారా!

ఇప్పుడు మరల అలాస్కాకు వత్తము. 1949లో పైపర్ సూపర్ కబ్ తయారగుట మొదలయ్యెను. అది తేలికైనది, కొద్దిదూరములోనే లేచును, మెల్లగా ఎగురగలదు. వేటగాండ్రకు, గనివారికి, మారుమూల గ్రామములవారికి అది గుఱ్ఱమువలె అక్కఱకు వచ్చినది. దానికి సహజముగా వచ్చు టైర్ల యెత్తు సుమారు 20 అంగుళములు. గులకఱాళ్ల మేటలపై, దుబ్బుల నడుమ అవి చాలవని అచటివారు వేఱువేఱు పెద్ద టైర్లను తొడిగి చూచిరి. అవి క్రమముగా ‘టండ్రా టైర్లు’ అను పేర ప్రసిద్ధికెక్కినవి. 1990 దశకమున ‘అలాస్కన్ బుష్‌వీల్’ అను పేరుతో దీనికే ప్రత్యేకముగా చేసిన టైర్లు వచ్చినవి. 26, 29, 31, 35 అంగుళముల యెత్తులలో అవి కలవు. మునుపు జెన్నీకి నుండిన 26 అంగుళములే ఇక్కడను మొదటి కొలత. మాఱినది ఎత్తు కాదు, వెడల్పును గాలియును.

అందలి యొక యుక్తి చెప్పదగినది. గాలి తక్కువైనపుడు టైరు చట్రముపై బిగువుగా నిలువక, బ్రేకు వేయగానే కొంచెము జాఱును. సామాన్యపు టైరులో గాలినాళము చట్రమునకు గ్రుచ్చియుండును గావున, టైరు జాఱినచో నాళము తెగి గాలి పోవును. మనుష్యసంచారము లేని యేటిమేటపై అట్లు జరిగినచో ఆ మనిషి గతియేమి? అందుచే ఈ టైర్లలో గాలినాళమును టైరు ప్రక్కగోడకే అమర్చిరి. టైరు జాఱినను నాళమును దానితోకూడ తిరుగును, తెగదు.

మేలు చెప్పితిని, కీడును చెప్పుట ధర్మము. పెద్ద టైరు బరువు. గాలిని అడ్డగించును, విమానవేగము తగ్గును, చమురు ఎక్కువ వ్యయమగును. బ్రేకు సంగతి మఱియు ముఖ్యము. 20 అంగుళముల చక్రమునకు సరిపడిన బ్రేకును 31 అంగుళముల చక్రమునకు వాడినచో, నేలపై దాని పట్టు మూడింట రెండు వంతులకు దిగజాఱును. కావున బ్రేకును మార్చనిదే టైరు మార్చుట ప్రమాదము. కొందఱు సాహసికులు ఏటిపై చక్రములను తాకించుచు, నీటిపై ఱాయి విసరినట్లు జాఱించుచు, మేటకు చేరుదురు. వేగము చాలినంతవఱకు నీరు మోయును. చాలని క్షణమున మ్రింగును.

ఇంతకు మించిన సంశయమొకటి పుట్టినది. సూపర్ కబ్ విమానములు కొన్ని తక్కువ యెత్తున గాలిపట్టు తప్పి కూలుచుండెను. పెద్ద టైర్లే అందులకు కారణమేమో యని 1995లో అమెరికా ప్రమాదవిచారణమండలి పరీక్ష జరుపవలసినదిగా విమానయానశాఖను కోరెను. శాఖవారు టైర్లు తొడిగి ఎగురవేసి చూచిరి. టైర్లవలన విమానము పట్టుతప్పు స్వభావము చెప్పుకోదగినంతగా చెడలేదని తేలినది. మఱి కారణమేమి? అచటివారు ‘మూస్ స్టాల్’ అని యొక మాట వాడుదురు. మూస్ అనగా అచటి పెద్దజాతి దుప్పి. క్రింద దుప్పిని చూచి, దానిచుట్టు తక్కువ యెత్తున, తక్కువ వేగమున, బిగువుగా వలయములు తిరుగుచు, కన్ను నేలపై నిలిపి వేగమును మఱచిపోవుట. రెక్కకు గాలి చాలక విమానము పడిపోవును. టైరుపై మోపిన నేరము మనుష్యుని మనస్సుదై యుండుట కద్దు.

నా బుద్ధికి తోచిన ముఖ్యాంశము ఇది. పెద్ద టైరు దిగుచోటులను పెంచును. లేచుచోటులను ఆ మేరకు పెంచదు. దిగునపుడు బ్రేకును, ఎదురుగాలియు, నేల రాపిడియు సాయము చేయును. లేచునపుడు నేల రాపిడి వెనుకకు లాగును. ఇంజనుశక్తి, గాలి, మేట పొడవు, మోయు బరువు, ఈ నాలుగే దిక్కు. రెండువందల గజముల మేటపై సులువుగా దిగినవాడు, వేటమాంసమును మఱియొక మనిషిని ఎక్కించుకొని అక్కడనుండి లేవలేకపోవచ్చును. పద్మవ్యూహమును చొచ్చుట మాత్రమే నేర్చిన బాలుని కథ మనకు తెలియును. వాల్ష్ హిమానీనదముపై రీవ్‌కు పట్టిన దుర్దశయు అట్టిదే. తెలిసిన వైమానికుడు దిగకముందు ఆ చోటిపై ఒకటి రెండు మాఱులు తక్కువ యెత్తున ఎగిరి, గాలిని, పొడవును, నేలను చూచి, ఎట్లు లేవవలెనో నిశ్చయించుకొని, ఆపిమ్మటనే దిగును.

టండ్రాపై మెత్తనిచక్రమునకు ఇంకొక పుణ్యము కలదు. అచటి నేలపొరను ఇనుపపట్టాల యంత్రములు ఒక్కమాఱు కోసినచో, ఆ గాటువెంట అడుగునున్న మంచు కరగి, పల్లమై, నీరు నిలుచును. 1940 దశకమున చమురు వెదకుటకై పోయిన యంత్రముల జాడలు దశాబ్దములు గడచినను మానలేదు. గాలి తగ్గించిన లావుటైరు నేలకు అంత గాయము చేయదు. మన చేల గట్లకు రబ్బరుబండి చేయు మేలును పెద్దలు ఎఱుగుదురు.

రహదారి లేని గ్రామమున మందుసీసా కొఱకు ఎదురుచూచువారికి, రోగిని మంచముపై తెచ్చి యేటియొడ్డున నిలిచినవారికి, ఈ టైరు వేడుకవస్తువు కాదు. ఐల్సన్ పంతులు మూడుగంటలలో చేర్చిన తపాలా ఏ యవసరము తీర్చెనో, ఈ గాలిసంచియు అదియే తీర్చుచున్నది. ఈసారి వానకాలమున చేనిదారిలో బండిజాడలు రెండు ప్రక్కప్రక్కన కానవచ్చినపుడు, ఇనుపపట్టా జాడ లోతును, రబ్బరు జాడ వెడల్పును ఒక్కమాఱు జానతో కొలచి చూడుడు, పిల్లలకు చూపుడు. నేను చెప్పినదంతయు ఆ రెండు జాడలలో కలదు.